అత్యవసర వైద్యశాలలో వైద్యసహాయకురాలు

స్త్రీలకు తగిన వృత్తులనుగూర్చి మాసమాసమును ఈ పుటలలో ముచ్చటించుచున్నాము. ఈ మాసమున మేము చెప్పబోవునది యింకను మన యిండ్లలో పేరు వినబడని వృత్తి. దాని యవసర మెంతటిదో తెలియుటకు బేతంచెర్లవంటి యొక యూరిని తలచుకొనిన చాలును.

బేతంచెర్ల బండను ఎరుగని గృహిణి మన సీమలో నరుదు. పెక్కిండ్లలో వంటయింటి నేలయు, వాకిటి యరుగును ఆ నాపరాయియే. తడిగుడ్డతో తుడిచి మనము నిగనిగలాడ నుంచుకొను నా రాతిని గనినుండి తీసి, కోసి, నున్నచేసి, లారీల కెత్తు చేతులకు నిత్యమును గండమే. బండ జారి పాదము నలుగవచ్చును. కోతయంత్రము వ్రేళ్లను పట్టవచ్చును. చైత్రవైశాఖముల యెండలో గనిలోనే వడదెబ్బ తగులవచ్చును. చుట్టుప్రక్కల చేలలో పాములున్నవి, పురుగుమందులున్నవి, బాటపై రాత్రింబవళ్లు లారీలున్నవి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా యేర్పడగా ఈ యూరు కర్నూలు జిల్లానుండి అందు చేరినది. 2023లో నంద్యాలకు ప్రభుత్వ వైద్యకళాశాలయు వచ్చినది. అయినను పెద్ద చికిత్సకు నంద్యాలకు బోయినను కర్నూలుకు బోయినను రమారమి గంట ప్రయాణము. ఆ గంటను ఎట్లో గడిపి వచ్చిన రోగికి ఆసుపత్రి గుమ్మమున మొదట ఎదురగు మనుష్యు లెవరు? వారు చేయవలసిన దేమి? ఇదియే నేటి మా ప్రసంగము.

వైద్యు డొక్కడు, రోగులు పదుగురు. అత్యవసర విభాగములలో నిది నిత్యము కనబడు సంగతి. ఆయన యొక మంచముకడ ఊపిరి నిలుపుచుండగా, రెండవ మంచముకడ నాడి చూచి, జరిగినది యడిగి తెలిసికొని, రక్తపుపోటు కొలిచి, గాయము శుభ్రపరచి, తాను కనిపెట్టినదానిని ఆయన చెవిని వేయువా రొకరు కావలెను. నర్సులకు మందు లిచ్చుటయు పరిచర్యయు చేతినిండ పని. ఈ నడిమి పనికై ప్రత్యేకముగా చదివినవారిని ఫిజీషియన్ అసిస్టెంట్లందురు. మేము వైద్యసహాయకురాలని వ్రాయుచున్నాము.

ఈ వృత్తి పుట్టుకలో మన స్త్రీలు తెలిసికొనదగిన సంగతి యొకటి కలదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున డాక్టరు యూజీన్ స్టెడ్ అను నాయన, థెల్మా ఇంగిల్స్ అను నర్సుతో గలసి, నర్సులకే పైతరగతి వైద్యశిక్షణ మీయవలెనని మొదట తలపెట్టెను. నర్సువిద్యను పర్యవేక్షించు సంఘమువారు దాని కంగీకరింపలేదు. అంతట నాయన నావికాదళమున వైద్యసేవ చేసి వచ్చిన పురుషులను 1965లో చేర్చుకొనెను; 1967లో మొదటి మువ్వురు పట్టము పొందిరి. అట్లు పురుషులతో మొదలైన యీ వృత్తిలో నేడు ఆ దేశమున మూడింట రెండు వంతులమంది స్త్రీలే. మన దేశమున 1992లో మద్రాసు మెడికల్ మిషన్ ఆసుపత్రిలో హృదయశస్త్రవైద్యులు డాక్టరు కె. ఎం. చెరియన్ గారు ఈ చదువును ప్రారంభించిరి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టమున ఈ వృత్తి పేరు చేరినది.

అత్యవసర వైద్యమును ప్రత్యేక శాఖగా మన దేశమున గుర్తించినది 2009లో. అంతకు ముందే, 2005 ఆగస్టు 15న హైదరాబాదునందు 108 అంబులెన్సు సేవ ప్రారంభమై, తరువాత పెక్కు రాష్ట్రములకు వ్యాపించెను. ఆంధ్రప్రదేశమున 2020 జూలై 1న ఒక్కదినముననే 108, 104 సేవలకు 1,088 క్రొత్త వాహనములు బయలుదేరెను. బండి వచ్చినది సరే. బండి దిగినచోట తెలిసిన చేతులు కావలదా? చదివిన బాలికల కిక్కడ స్థానము కలదని మా యభిప్రాయము.

చదువు సంగతి తల్లిదండ్రులు ముందుగా విచారింపవలెను. జీవశాస్త్రముతో ఇంటర్మీడియటు ముగించినవారు దీనిలో చేరుదురు. సాధారణముగా నాలుగేండ్ల పట్టము. కడపటి యేడు ఆసుపత్రిలో పని నేర్చుట. కరపత్రములలోని మేడల బొమ్మలను చూచి సొమ్ము కట్టకుడు. ఆ కళాశాల ఏ విశ్వవిద్యాలయమునకు చేరినది? దానికి సొంత ఆసుపత్రి కలదా? అందు అత్యవసర విభాగము రేయింబవళ్లు నడచుచున్నదా? పట్టము పొందినవారి పేరు ప్రభుత్వపు పట్టికలో నమోదగునా? నిరుడు చదువు ముగించినవా రెచ్చట పనిచేయుచున్నారు? ఈ యైదు ప్రశ్నలకు వ్రాతమూలకముగా సమాధానము రానిచోట బాలికను చేర్పకుండుటయే మేలు.

ఇక మొదటి సంవత్సరమున ఆమె నేర్వవలసిన దేమి? మందుల పేర్లనుకొందురేమో, అవి పుస్తకమున గలవు. మొదట నేర్వవలసినది చూచుట, తరువాత నడుగుట, ఆ తరువాత నాలస్యము లేక చెప్పుట. ఈ మూడింటికంటె గొప్ప విద్య క్రొత్త సహాయకురాలి కింకొకటి లేదు.

చూచుట యనగా క్రమముగా చూచుట. ఒక లారీ ప్రమాదమున నలుగురిని ఒక్కసారి తెచ్చిరనుకొందము. ఒకడు కాలు విరిగి పెద్దపెట్టున కేకలు వేయుచున్నాడు. మూలనున్నవాడు మాటాడక కన్నులు మూసియున్నాడు. క్రొత్తవారి కాళ్లు కేకలవైపే పరుగెత్తును. కేక వేయగలవానికి గొంతు తెరచియున్నది, ఊపిరి యాడుచున్నది. కేక వేయలేనివానికే ముందు ప్రాణగండము. అందుచేత ప్రతి రోగికడను ఒకటే వరుస నభ్యసింతురు: మొదట శ్వాసమార్గము, పిదప శ్వాస, పిదప రక్తప్రసరణము, పిదప మెలకువ, కడపట శరీరమంతయు. తక్షణము చూడవలసినవారికి ఎరుపు, కొంత తాళగలవారికి పసుపు, వేచియుండగలవారికి ఆకుపచ్చ గుర్తు పెట్టుదురు. గడియారము చూచి నిండు నిమిషము ఊపిరి లెక్కించుట అల్పమైన పనిగా తోచును. పెద్దవారికి నిమిషమునకు 12 మొదలు 20 వరకు సహజము. 30 దాటినచో నాలస్యము లేక వైద్యుని పిలువవలసినదే. స్మారకము తప్పిన ప్రతి మనిషికిని రక్తములోని చక్కెర చూడవలెను. మధుమేహపు సూది వేసికొని అన్నము తినక పడిపోయిన అవ్వను పక్షవాతమని పొరబడుట కవకాశమున్నది. చక్కెర తగ్గుటయే కారణమైనచో గ్లూకోజు ఎక్కించిన కొలది నిమిషములలోనే తరచుగా కన్ను తెరచును.

రొమ్ము నొప్పితో వచ్చినవారికి, వచ్చిన పది నిమిషములలోపల ఈసీజీ తీయవలెనను నియమమున్నది. ఇక్కడ మన స్త్రీలకు తీరని యన్యాయము జరుగుచున్నది. స్త్రీకి గుండెపోటు వచ్చినపుడు రొమ్ములో నొప్పి యుండవచ్చును. దానితోపాటుగాని, అది లేకయేగాని దవడలోనో, వీపులోనో, పై కడుపులోనో బాధ, ఆయాసము, వాంతి, చెప్పరాని యలసట కనబడవచ్చును. ఇంటివారు గ్యాసందురు, ఆమెయు గ్యాసనుకొని జీలకర్ర నీరు త్రాగి, పిల్లలకు క్యారియరు సర్ది, మధ్యాహ్నమునకు గాని బయలుదేరదు. గుమ్మముకడ నామె నెదుర్కొను సహాయకురాలు ఆ లక్షణములను ఎరిగియుండి, ఎవరి మాటకును ఆగక ఈసీజీ తీసినచో, పోవలసిన ప్రాణము నిలువవచ్చును.

అడుగుట యింకను కష్టమైన విద్య. పడకటింటిలో నేలపై నిద్రించిన స్త్రీ తెల్లవారుజామున కడుపునొప్పియని లేచును. గాటు లేదు, వాపు లేదు, మంట లేదు. కొంతసేపటికి కనురెప్పలు వ్రాలును, మాట ముద్దయగును. ఇది కట్లపాము కాటు కావచ్చును. ఆ పాము రాత్రివేళ పడకలోనికే వచ్చి కరచును. నొప్పి యంతగా తెలియదు. కడుపునొప్పికి మందిచ్చి పంపినచో దారిలోనే ఊపిరి యాగవచ్చును. కావున ఆ వేళ వచ్చిన కడుపునొప్పికి “రాత్రి యెక్కడ పండుకొంటివమ్మా? నేలమీదనా, మంచముమీదనా?” అని యడిగి, కనురెప్పలవంక చూడవలెను. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి యను నాలుగింటికిని పనిచేయు విషహరౌషధము మన దేశమున నున్నది. పింజరికాటని యనుమానమైనచో రెండు మిల్లీలీటర్ల రక్తమును శుభ్రమైన గాజు గొట్టములో నుంచి, 20 నిమిషములు కదపక, పిమ్మట వంచి చూతురు. గడ్డకట్టలేదా, విషము రక్తమున కెక్కినదని యర్థము. ఆ యిరువది నిమిషములు గొట్టమును ఎవరిని ముట్టనీయక గడియారము చూచుచు నిలుచుట తరచుగా క్రొత్తవారి పని. చిన్న పనియే, దానిమీద చికిత్స యంతయు ఆధారపడియున్నది.

స్త్రీలే యడుగవలసిన ప్రశ్నలు కొన్ని గలవు. పడుచుపిల్ల కడుపునొప్పితో కళ్లు తిరిగి పడినది. అత్తగారు తలకడను, మామగారు కాళ్లకడను నిలుచున్నారు. నెల తప్పినదా యని యా గుంపులో నడిగిన నిజము రాదు. గర్భాశయమునకు వెలుపల పిండము నిలిచి నాళము పగిలినచో లోపల రక్తస్రావమై గంటలలో ప్రాణము పోవును. తెర వేసి, ఇతరులను మర్యాదగా బయట కూర్చుండబెట్టి, చేయి పట్టుకొని యడిగిన యొక్క ప్రశ్న ఆమెను శస్త్రచికిత్సాగృహమునకు సకాలమున చేర్చును. కాలిన గాయములతో వచ్చిన యింటికోడలిని, “ఎట్లు కాలినదమ్మా?” యని ఒంటరిగా నడుగువారు కావలెను. పురుగుమందు త్రాగిన పిల్లను పోలీసుభయమున “వాంతులు, విరేచనములు” అని తెత్తురు. ఏ మందో తెలియక వైద్యుడు చీకటిలో తడవులాడును. తల్లులారా, దాచకుడు! 2017వ సంవత్సరపు మానసికారోగ్య సంరక్షణ చట్టము అట్టి మనిషిని తీవ్రవ్యథలో నున్నట్లే భావింపవలెననియు, శిక్షింపరాదనియు చెప్పుచున్నది. ఈ నిజములు పురుషునికంటె స్త్రీకే సులభముగా తెలియును. అయినను ఎవరికిని చెప్పనని సహాయకురాలు మాట యీయరాదు; వైద్యునికి చెప్పియే తీరవలెను. ఇచ్చి తప్పిన మాటకంటె ఈయని మాటయే మేలు.

మూడవది చెప్పుట. తన కెంత తెలియునో, ఎక్కడ తెలియదో చెప్పుట. తెల్లకోటు వేసికొని నిలిచిన పిల్లను రోగులు డాక్టరమ్మా యనియే పిలుతురు. ఆ పిలుపు తీయగా నుండును. దానిని ఆ క్షణముననే సవరింపవలెను. “నేను డాక్టరును గానమ్మా, డాక్టరుగారి సహాయకురాలిని, నేను చూచినది వారికి చెప్పెదను” అనుట ఆమె ధర్మము. ఇది వినయమునకై చెప్పు మాట గాదు, రోగి క్షేమమునకై చెప్పు మాట. ఇంగ్లండులో ఈ విషయమై పెద్ద వివాదము రేగి, ప్రొఫెసరు జిలియన్ లెంగ్ గారు విచారణ జరిపి 2025 జూలైలో నివేదిక సమర్పించిరి. అసోసియేటు అను పేరు మార్చి అసిస్టెంటు అనియే పిలువవలెననియు, వ్యాధి యింకను నిర్ణయము గాని రోగులను, స్పష్టమైన నియమములున్నచోట దప్ప, వీరు చూడరాదనియు ఆమె సూచించిరి. ఆ దేశపు నియమములు మనకు యథాతథముగా వర్తింపవు. గుమ్మముకడ రోగి వ్యాధి యేదో తెలియని స్థితిలోనే వచ్చునుగదా. కావుననే వైద్యుడు కేకవేటు దూరమున లేని చోట క్రొత్త సహాయకురాలిని ఒంటరిగా నిలుపుట యన్యాయమని మేమనుచున్నాము. రాత్రి రెండు గంటలవేళ వైద్యుని లేపుటకు జంకు కలుగును. లేపినందుకు విసుగుకొనిన మాట తెల్లవారునప్పటికి మరపునకు వచ్చును. లేపనందువలన పోయిన ప్రాణము మరపునకు రాదు.

తల్లుల మనస్సున నున్న భయము మే మెరుగుదుము. “రాత్రిపూట పని, ఆడపిల్ల, నలుగురు మగవారిలో” అందురు. 2024 ఆగస్టులో కలకత్తా ఆసుపత్రిలో విధి నిర్వహణలో నున్న యువవైద్యురాలి హత్య దేశమంతటి తల్లుల గుండెలను కలచివేసినది. దేశపు టున్నతన్యాయస్థానము వైద్యసిబ్బంది రక్షణకై జాతీయ కార్యసంఘమును నియమింపవలసివచ్చెను. ఆ భయము నిరాధారమని మేము చెప్పము. అయితే భయమునకు విరుగుడు పిల్ల నింట కూర్చుండబెట్టుట గాదు. ముందుగా నడిగి తెలిసికొనుట. విశ్రమించు గదికి లోపలి గడియ యున్నదా? ఆ జాములో ఇతర స్త్రీలున్నారా? అర్ధరాత్రి దాటి పని ముగిసినచో ఇల్లు చేర్చు బండి యెవరు పంపుదురు? 2013వ సంవత్సరపు చట్టము ప్రకారము స్త్రీల ఫిర్యాదులు వినవలసిన సంఘము అక్కడ కలదా, దానిలోని వారెవరు? ఈ ప్రశ్నలు వేసిన తల్లిని చూచి యెవరును నవ్వరు; నవ్విన చోట పిల్లను వదలవలదు.

పనిలోని యపాయములును గలవు. చేరకముందే హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు వేయించుకొనవలెను. వాడిన సూదికి మూత పెట్టరాదు. సూది గ్రుచ్చుకొనినచో దాచక, వెంటనే సబ్బుతో కడిగి, వైద్యునికి చెప్పవలెను. ఎయిడ్సు సోకకుండ నిచ్చు మందు గంటలలోనే మొదలుపెట్టవలెను, 72 గంటలు దాటినచో ఫలింపదు. రాత్రి పని ముగించుకొని వచ్చిన పిల్లను పగటివేళ నిద్ర లేపి ఇంటిపనులు చెప్పకుడు. ఆమె కన్నులు మరునాటి రాత్రి యింకొకరి ప్రాణమును కాయవలెను. మొదటి మరణమును చూచిన దినమున ఆమె అన్నము తినదు. ఆనాడు బోధలు వలదు; ప్రక్కను గూర్చుండి చెప్పినంత విని, చెప్పనిది వదలుడు. కొన్నాళ్లకు నిలుకడ వచ్చును. రాతిగుండె యగుట నిలుకడ గాదు. చేయి వణకకుండుటయే నిలుకడ.

ఈ వృత్తిలో చేరనివారు సయితము ఆ గుమ్మముకడ చేయగల సాయము గలదు. రోగిని తీసికొనిపోవునపుడు, జరిగిన వేళను గడియారము చూచి గుర్తుంచుకొనుడు. పక్షవాతమున నాలుగున్నర గంటలలోపల వచ్చినవారిలో తగినవారికే రక్తపు గడ్డను కరగించు మందు నిత్తురు. రోజు వాడు మాత్రల కాగితములు, పాత చీటీలు ఒక సంచిలో నుంచి యింటిలో నందరికి తెలిసినచోట తగిలించుడు. పడని మందు పేరు దానిపై వ్రాయుడు. పురుగుమందైనచో సీసా వెంట తెండు; ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింపకుడు. పాముకాటైనచో కట్టు బిగింపకుడు, కోయకుడు, నోటితో పీల్పకుడు, పామును వెదకుచు కాలము పుచ్చకుడు. కరచిన యవయవమును కదలనీయక బండి యెక్కింపుడు. దారిలో పడియున్న యపరిచితుని ఆసుపత్రికి చేర్చిన చిక్కులు వచ్చునని జంకకుడు. 2016లో దేశపు టున్నతన్యాయస్థానమును, 2019లో మోటారువాహనముల చట్టపు సవరణయు అట్టి సహాయకులకు రక్షణ కల్పించినవి.

బేతంచెర్ల, డోన్, బనగానపల్లె ప్రాంతముల బాలికలు ఇంటర్మీడియటు ముగించి, వైద్యకళాశాలలో స్థానము రాలేదని కన్నీరు పెట్టుకొనుట వేసవి వేసవికి వినుచున్నాము. వైద్యురాలు గాలేకపోయినందున ఈ పనిలో చేరవలెనని మేము చెప్పము. అట్టి మనస్సుతో చేరినవారు ప్రతిదినమును తక్కువతనమును తలచుకొని కుములుదురు. గుమ్మముకడ నిలిచి, భయముతో వచ్చినవారి మొగము చూచి, అడుగవలసిన మాట నడుగుట తన పనియని గర్వించు పిల్లయే యిందులకు తగినది. అట్టి పిల్ల మీ యింట నున్నచో, సోదరీమణులారా, ఆమె చదువునకు సొమ్ము కూర్చుడు. రాత్రిపని యని వెనుకకు లాగకుడు. ఇరుగుపొరుగువారి మాటలకు మీరు సమాధానము చెప్పి, ఆమెను పనికి పోనిండు. మన యూరి యాడువారి బాధ నడిగి తెలిసికొనుటకు మన యూరి పిల్లకంటె తగినవారెవరు?